రొట్టె గొప్పదా, అన్నం గొప్పదా? - ఒక పాత తగవు

తిండిని గురించి అభిప్రాయం లేని మనిషి ఉండడు. రాజకీయాలు తెలియవని ఒప్పుకొనేవారు ఉన్నారు, లెక్కలు రావని ఒప్పుకొనేవారు ఉన్నారు. కాని ఏది మంచి తిండి, ఏది చెడ్డ తిండి అన్న విషయంలో నాకు తెలియదని అనేవారు మన ఊళ్ళలో అరుదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని బిజినేపల్లి కూడలిలో ఏ హోటలు బల్లముందు కూర్చున్నా ఈ సంగతి బోధపడుతుంది. ఒకరు రొట్టె తింటేనే బలమంటారు. మరొకరు అన్నం పడకపోతే తిన్నట్టే కాదంటారు. డాక్టరు అన్నం తగ్గించమన్నాడని మూడవవారు రెండు జొన్నరొట్టెలు పొట్లం కట్టించుకొని పోతారు.

ఈ తగవు నేటిది కాదు. రెండు వందల సంవత్సరాలుగా వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు, ప్రభుత్వాలు దీనిలో పాలు పంచుకొన్నారు. ఒకసారి అన్నం ఓడిపోయింది, ఒకసారి రొట్టె ఓడిపోయింది. ఆ చరిత్రను కొంచెం తెలుసుకొంటే, మన అభిప్రాయాలలో ఎంత భాగం అనుభవమో, ఎంత భాగం అప్పటి పేదరికమో, ఎంత భాగం శాస్త్రమో విడదీసి చూడవచ్చును.

నేల నేర్పిన వంట

పూర్వపు పాలమూరు ప్రాంతంలో వానలు తక్కువ. సాలుకు సగటున సుమారు 600 మిల్లీమీటర్లు. నేలలో ఎక్కువ భాగం నీరు నిలవని ఎర్ర చెలక. గద్వాల వైపు పోతే నల్లరేగడి కనబడుతుంది. వరి చెరువుల కింద మాత్రమే పండేది. చెరువు నిండని సంవత్సరం అదీ లేదు. ఇటువంటి చోట జొన్న నిలిచినదంటే దానికి కారణం మొక్క శరీర నిర్మాణంలోనే ఉన్నది.

జొన్న జన్మస్థానం ఆఫ్రికా ఖండం, ముఖ్యంగా నేటి సూడాన్ తూర్పు ప్రాంతం. అక్కడినుండి సుమారు నాలుగు వేల సంవత్సరాల క్రితం మన దేశానికి వచ్చినదని పురావస్తు పరిశోధకులు భావిస్తున్నారు. దీని వేళ్ళు లోతుగా పోతాయి. ఆకుల మీద మైనపు పూత ఉంటుంది. ఎండ ముదిరినప్పుడు ఆకులు చుట్టుకొని నీటి నష్టాన్ని తగ్గిస్తాయి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. జొన్న, మక్క, చెరకు వంటి మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును మొదట నాలుగు కర్బన పరమాణువులు గల ఆమ్లంగా పట్టి ఉంచి, తరువాత చక్కెరగా మార్చుకొంటాయి. అందువల్ల పత్రరంధ్రాలను ఎక్కువసేపు తెరచి ఉంచే అవసరం తగ్గి, నీరు ఆదా అవుతుంది. వరికి ఈ సౌకర్యం లేదు.

మొక్కను నేల నిర్ణయించినట్లే, వంటను గింజ నిర్ణయించినది. గోధుమపిండిని చన్నీటితో కలిపినా సాగుతుంది. గ్లూటెన్ అనే మాంసకృత్తు అందులో వలవలె అల్లుకొనడమే కారణం. జొన్నలో గ్లూటెన్ లేదు. అందుకే మన ఇళ్ళలో ఎసరు మరిగించి పిండిలో పోస్తారు. సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడి దాటగానే పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బి జిగురెక్కుతాయి. ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. రొట్టెను కర్రతో ఒత్తకుండా చేతితో తట్టడం కూడ ఇందువల్లనే. సాగని పిండి కర్ర కింద చీలిపోతుంది. విసిరి చాలా రోజులైన పిండి చేదెక్కుతుందనీ, రొట్టె విరుగుతుందనీ ప్రతి ఇల్లాలికీ తెలుసును. జొన్నగింజ మొలకభాగంలోని నూనె పిండిలో కలసి, గాలి తగిలి చెడడమే ఆ చేదుకు హేతువు. ఇసుర్రాయి ఉన్న కాలంలో ఏ రోజు పిండి ఆ రోజే విసురుకొనడం ఇందుకే.

రొట్టె ఒక్కటే కాదు. రవ్వగా విసిరి ఉడికిస్తే గట్క. పలుచగా కాచి పులియబెడితే అంబలి. దీనికి తోడు పచ్చిపులుసు, పుంటికూర, తొక్కు, పల్లీల పొడి, నువ్వుల పొడి. ఈ మండలంలోని నందివడ్డెమాన్, ఒకప్పుడు వర్ధమానపురమనే పేరుతో గోన వంశీయుల ముఖ్యపట్టణం. అక్కడి శనైశ్చరునికి నేటికీ భక్తులు నువ్వులనూనెతో అభిషేకం చేయిస్తారు. చెలకలో పండే నువ్వులకు దేవుని ముందు ఉన్నంత గౌరవం పళ్ళెంలోనూ ఉండవలసినదని ముందు ముందు తెలియగలదు.

తెల్లని అన్నానికి వచ్చిన అపకీర్తి

పాలమూరు పల్లెలలో వరిబువ్వ పండుగనాటి తిండి. పెండ్లిలో, బంధువు వచ్చినప్పుడు అన్నం వండేవారు. తక్కిన రోజులలో రొట్టె, గట్క. కనుక అన్నం గౌరవానికీ, రొట్టె లేమికీ గుర్తులైనవి. ఈ అభిప్రాయానికి రుచికన్న హోదా ముఖ్యకారణం. కాని అన్నమే ప్రతిదిన భోజనమైన చోట ఏమి జరిగినది?

ఉత్తర సర్కారు జిల్లాలలో, అనగా నేటి కోస్తాంధ్ర ఉత్తర భాగంలో, బెరిబెరి అనే జబ్బు చాలా కాలం వేధించినది. కాళ్ళు తిమ్మిరెక్కి, చచ్చుబడి, కొందరికి ఒళ్ళు వాచి, గుండె నిలిచి మనుషులు చనిపోయేవారు. జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే వైద్యుడు 1835లో మద్రాసులో ఈ వ్యాధిని గురించి పెద్ద గ్రంథమే ప్రచురించినాడు. వ్యాధి లక్షణాలు తెలిసినవిగాని కారణం తెలియలేదు. గాలి అన్నారు, తేమ అన్నారు.

జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1890 ప్రాంతాల కోళ్ళలో ఇటువంటి పక్షవాతం చూచినాడు. తెల్లగా మరపట్టిన బియ్యం తిన్న కోళ్ళకు జబ్బు వచ్చేది, తవుడు కలిపితే పోయేది. ఆ తవుడులోని పదార్థమే తరువాత థయమిన్ లేక బి1 విటమినుగా గుర్తింపబడినది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం లభించినది.

మన దేశంలో ఈ పరిశోధనకు 1918లో కూనూరులో రాబర్టు మెకారిసన్ ఆధ్వర్యాన బెరిబెరి పరిశోధనా విభాగం ఏర్పడినది. అతని తరువాత వచ్చిన వాలెస్ ఐక్రాయిడ్ ఒక చిత్రమైన భేదాన్ని వివరించినాడు. తెలుగు సర్కారు జిల్లాలలో పచ్చిబియ్యం మరపట్టి తినేవారిలో బెరిబెరి ఉండగా, దక్షిణాన ఉప్పుడు బియ్యం తినేవారిలో దాదాపు లేదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత మరపట్టినా అంతా పోదు. మన పోషకాహార పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన పచ్చిబియ్యంలో 0.06 మిల్లీగ్రాముల థయమిన్ ఉంటే, ఉప్పుడు బియ్యంలో 0.21 ఉన్నది. దినానికి మనిషికి కావలసినది సుమారు ఒక మిల్లీగ్రాము పైచిలుకు. అర కిలో తెల్లని పచ్చిబియ్యం తిన్నా 0.3 మాత్రమే వస్తుంది. వార్చిన గంజి పారబోస్తే ఉన్నదీ పోతుంది.

ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప బియ్యమన్న అభిప్రాయం ఈ విధంగా మనుషుల ప్రాణాలమీదికి తెచ్చినది. ఇంతవరకు చదివిన పాఠకుడు రొట్టెదే గెలుపు అనుకొనవచ్చును. కాని కథ ఇక్కడ తిరగబడుతుంది.

జొన్నమీద పడిన నింద

కూనూరులోని ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు వచ్చినది. 1969లో దానికే జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టినారు. జొన్న తినే దేశం నడుమకు వచ్చిన ఆ శాస్త్రజ్ఞులకు ఇక్కడి ఆసుపత్రులలో ఒక జబ్బు ఎదురైనది. మెడచుట్టూ, ముంజేతులమీద, పాదాలమీద, ఎండ తగిలే చోటనల్లా చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. నాలుక పుండవుతుంది. విరేచనాలు పట్టుకొంటాయి. కొందరికి మతి చలిస్తుంది. దీని పేరు పెల్లాగ్రా.

ఈ జబ్బును 1735లో స్పెయిను దేశపు వైద్యుడు గాస్పర్ కాసల్ వర్ణించినాడు. మెడచుట్టూ వచ్చే మచ్చను నేటికీ కాసల్ హారమనే అంటారు. అక్కడి పేదల తిండి మక్క. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో మక్క తినే పేదలే దీనికి గురియైనారు. అంటురోగమని అందరూ నమ్ముతున్న ఆ కాలంలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు అది తిండి లోపమని వాదించినాడు. 1915లో మిసిసిపీ రాష్ట్రపు ఒక జైలులో ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు మాంసం, పాలు లేని మక్క ప్రధానమైన భోజనం పెట్టగా కొన్ని నెలలలో ఆరుగురికి జబ్బు లక్షణాలు కనబడినవి. అంటుకొనదని రుజువు చేయడానికి రోగుల రక్తాన్ని తన ఒంటిలోకి ఎక్కించుకొన్నాడు కూడ. 1937లో కాన్రడ్ ఎల్వెజెం, కుక్కలలో దీనికి సమానమైన నల్లనాలుక వ్యాధి నికోటినిక్ ఆమ్లంతో నయమగునని చూపినాడు. నియాసిన్ అని పిలిచేది దీనినే.

మక్కలోని నియాసిన్ గట్టిగా బంధింపబడి ఉండి మన పేగులకు చిక్కదు. మెక్సికో ప్రజలు వేల సంవత్సరాలుగా మక్కను సున్నపు నీటిలో ఉడికించి తినేవారు. సున్నం ఆ బంధాన్ని విడగొడుతుంది. అందుచేత వారికి ఈ జబ్బు లేదు. కొలంబసు తరువాత గింజ ఐరోపాకు పోయినది గాని ఆ వంట దానివెంట పోలేదు.

మరి జొన్న? ఇక్కడ లెక్క కుదరలేదు. 100 గ్రాముల జొన్నలో 3.1 మిల్లీగ్రాముల నియాసిన్ ఉన్నది. తెల్లబియ్యంలో 1.9 మాత్రమే. అర కిలో జొన్న తినేవానికి 15 మిల్లీగ్రాములకు పైగా అందవలెను. అది దినావసరానికి దాదాపు సరిపోతుంది. లెక్క ప్రకారం బియ్యం తినేవారికి పెల్లాగ్రా రావలెను, జొన్న తినేవారికి రాకూడదు. జరిగినది తలక్రిందులు.

కొలుత్తూరు గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ చిక్కుమీద పనిచేసి 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక సమాధానం ప్రకటించినారు. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంనుండి కొంత నియాసిన్‌ను తానే తయారుచేసుకొంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము వస్తుంది. జొన్న మాంసకృత్తులలో లూసిన్ అనే మరొక అమైనో ఆమ్లం అధికం. ఆ అధిక లూసిన్ ఈ తయారీకి అడ్డుపడుతున్నదని వారి వాదం. జొన్నతో పెంచిన కుక్కలలో నల్లనాలుక వ్యాధి వచ్చుటను గూర్చి ఇదే సంస్థవారు తరువాత ప్రకటించినారు. తరువాత కొన్నిచోట్ల జరిగిన ప్రయోగాలు ఈ వాదాన్ని పూర్తిగా సమర్థించలేదు. బి6 విటమిను కొరత, జొన్నలోని నియాసిన్ జీర్ణం కాకుండుట, మొత్తం తిండి చాలకుండుట కూడ కారణాలలో చేరినవి. శాస్త్రంలో ఒక సమాధానం మరొక ప్రశ్నకు దారితీయడం సహజమే.

అయితే ఒక సంగతిలో వివాదం లేదు. జొన్న తినే భూస్వామికి ఈ జబ్బు రాలేదు. జొన్నరొట్టెతోపాటు పాలు, పప్పు, మాంసం తినేవానికి రాలేదు. రొట్టెకు ఉప్పు, కారం తప్ప తోడులేని కూలివానికి వచ్చినది. జొన్న నేరం చేసినదంటే, ఒంటరిగా దొరికినప్పుడే చేసినది.

ఇందులో మనసుకు తగిలే విషయం మరొకటి కలదు. 100 గ్రాముల పల్లీలలో సుమారు 20 మిల్లీగ్రాముల నియాసిన్ ఉన్నది. ఒక గుప్పెడు, 50 గ్రాముల పల్లీలు తింటే 10 మిల్లీగ్రాములు. నువ్వులలో ట్రిప్టోఫాన్ సమృద్ధి. వనపర్తి, గద్వాల ప్రాంతపు చెలకలు పల్లీలకు పెట్టినది పేరు. అనగా మందు ఈ నేలలోనే పండుతున్నది. కాని పల్లీలు అంగడికి పోయే పంట. చేనులో పల్లీలు పెరికే కూలిమనిషి పళ్ళెంలో పల్లీలు ఉండవలెనన్న నియమం ఏదీ లేదు.

రెండు రూపాయల బియ్యం

1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చే పథకాన్ని ఆరంభించినది. పండుగనాటి తిండి ప్రతిదినపు తిండి అయినది. కరువు వచ్చినప్పుడు ఊళ్ళు విడిచి వలసపోయే పాలమూరు కూలీల ఇళ్ళకు ఇది ఎంత ఆసరాయో, ఆకలి ఎరుగనివారు చెప్పజాలరు. జొన్నతో బియ్యం కలియడం, మొత్తం తిండి పెరగడం చేత పెల్లాగ్రా కూడ క్రమంగా అరుదైపోయినది. జొన్నకు కూడ చౌకబియ్యంతో పోటీ వచ్చినది.

జొన్న వెనుకబడడానికి చౌకబియ్యం ఒక్కటే కారణం కాదు. 1964లో మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 విడుదలైనది. దిగుబడి పెరిగినది. కాని తొందరగా కోతకు వచ్చే ఈ రకాలకు గింజ ముదిరే వేళ వానలు తగిలి బూజు పట్టేది. నల్లబడిన గింజకు ధర రాదు, రొట్టెకు రుచి రాదు. సంకర జొన్న రొట్టె బాగుండదని పెద్దలు అన్నమాటలో కొంత నిజమున్నది. క్రమంగా చేలలోకి పత్తి, మక్క వచ్చినవి. కాలువలద్వారా కృష్ణానీరు వచ్చిన చోట వరి వచ్చినది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలోని వట్టెం జలాశయం ఈ బిజినేపల్లి మండలంలోనిదే. ఇదే మండలంలోని పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కూడ ఉన్నది. అక్కడ జొన్న, ఆముదం వంటి మెట్టపంటలమీద పరిశోధన జరుగుతున్నది. ఒకే మండలంలో వరికి నీరు, జొన్నకు విత్తనం! తగవుకు ఇంతకన్న తగిన వేదిక ఎక్కడ?

2025 ఉగాదినుండి తెలంగాణలో చౌకదుకాణాలద్వారా సన్నబియ్యం ఇవ్వడం మొదలైనది. సన్నబియ్యం ఉన్నవారి తిండి, దొడ్డుబియ్యం లేనివారి తిండి అన్న భేదాన్ని ఇది కొంత చెరపినది. పోషకవిలువలో సన్నానికీ దొడ్డుకూ సన్నదనం వల్ల కలిగే భేదం లేదు. ఎంతగా మరపట్టినారన్నదే ముఖ్యం.

రొట్టె తిరిగి వచ్చినది

ఇప్పుడు గాలి మళ్ళీ మారినది. దేశంలో 10 కోట్లకు పైగా జనులకు మధుమేహం ఉన్నదని 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే అంచనా. అదే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. సాయంత్రం కాగానే పట్టణాలలో రోడ్డుపక్కన పెంకలు పెట్టి జొన్నరొట్టెలు తట్టి అమ్ముతున్నారు. ఒకనాడు అతిథి ముందు పెట్టడానికి సిగ్గుపడిన తిండిని నేడు అతిథి అడిగి తింటున్నాడు. కూలిపని చేసేవాడు చౌకబియ్యపు అన్నం, కుర్చీలో కూర్చునేవాడు జొన్నరొట్టె తినే కాలం వచ్చినది.

జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 శాతం, ఇనుము, పీచు తెల్లబియ్యంకన్న ఎక్కువ. ఇది మేలే. కాని మాట మరీ దూరం పోరాదు. శక్తి విషయంలో రెండూ ఒకటే. 100 గ్రాముల జొన్నలో 349 కేలరీలు, బియ్యంలో 345. పిండిపదార్థం రెంటిలోనూ 70 శాతానికి పైనే. మన భోజనంలో శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాలనుండే వస్తున్నదనీ, మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు చిరుధాన్యం మార్చినంత మాత్రాన మధుమేహ భయం తగ్గినట్లు కనబడలేదనీ 2025లో వెలువడిన మండలి పరిశీలన తెలుపుతున్నది. నాలుగు రొట్టెలు తిని అన్నం మానినానని సంతోషించేవారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

తీర్పు

ఈ రెండు వందల ఏండ్ల వ్యాజ్యంలో ఇరుపక్షాల సాక్ష్యం విన్నాము. అన్నమే తిన్న కోస్తా పేదవానికి బెరిబెరి వచ్చినది. రొట్టే తిన్న దక్కను పేదవానికి పెల్లాగ్రా వచ్చినది. రెండుచోట్లనూ దోషం ఒకటే. పళ్ళెంలో ఒకే గింజ ఉండుట. ఆ గింజ పక్కన మరేమీ లేకపోవుటకు కారణం అజ్ఞానం కొంత, జేబు చాలా. తెల్లదనాన్ని మెచ్చుకొనడం అజ్ఞానం. పల్లీలు పండించి పల్లీలు తినలేకపోవడం పేదరికం. మొదటిదానికి మందు చదువు. రెండవదానికి చదువు ఒక్కటే చాలదు.

కనుక ఇకమీదట హోటలు బల్లముందు ఈ తగవు లేచినప్పుడు, ఏది గొప్పదని అడిగేవారిని మనం ఒక చిన్న ఎదురుప్రశ్న అడుగవచ్చును: దానిలోకి ఏమున్నది? పల్లీల తొక్కు, పుంటికూర పప్పు, ఒక గ్లాసు మజ్జిగ ఉన్నవంటే రొట్టె అయినా సరే, అన్నమైనా సరే. ఏమీ లేవంటే ఆ ఇంటికి కావలసినది సలహా కాదు, సరుకు.